పాఠం 12: టి.వి. యాంటెన్నాలు, ప్రసార స్తంభాలు

12.1 పరిచయం

విద్యుదయస్కాంత తరంగాలు, వాటి పౌనఃపున్యం, తరంగదైర్ఘ్యం గురించి మీరు వెనకటి పాఠంలో చదివారు. ఆ తరంగాల మీద బొమ్మను, మాటను ఎక్కించి దూరానికి పంపే ఏర్పాటే టెలివిజన్. టి.వి. పెట్టె లోపల ఏం జరుగుతుందో తర్వాతి పాఠంలో చూస్తారు. ఈ పాఠంలో మన దృష్టి అంతా పెట్టె బయట ఉన్నవాటి మీదే: పంపే చోట నిలబెట్టిన స్తంభం, అందుకొనే చోట మేడ మీద బిగించిన యాంటెన్నా.

మీరు ఢిల్లీలోని లక్ష్మీ నగర్‌లో ఉంటున్నారనుకోండి. యమునా నదికి తూర్పున, వికాస్ మార్గ్‌ను ఆనుకొని, గోడకు గోడ తగిలేటట్టు మేడలు కట్టుకొన్న వాడ అది. ఏ మేడ ఎక్కి చూసినా గిన్నెల్లాంటి డిష్‌లు కనిపిస్తాయి. అవన్నీ దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య ఆకాశంలోకి తలెత్తి చూస్తుంటాయి. ఓపికగా వెతికితే, ఇనుప గొట్టానికి బిగించిన చేపముల్లులాంటి పాత అల్యూమినియం యాంటెన్నా ఎక్కడో ఒకటి మిగిలి ఉండవచ్చు. అది తలెత్తదు. నేలకు సమాంతరంగా, పడమటి వైపు చూస్తుంటుంది. ఒకటి ఆకాశం వైపు, మరొకటి ఊరి వైపు చూడటానికి కారణం ఏమిటి? ఈ పాఠం చదివాక ఆ కారణాన్ని మీరు ఇంకొకరికి వివరించగలుగుతారు. ఒక స్తంభం ఎంత దూరం వరకు బొమ్మను పంపగలదో లెక్క కట్టగలుగుతారు. ఆ దూరం ఆవల ఉన్నవాళ్ల సంగతి ఏమైందో కూడా తెలుసుకుంటారు. లెక్కలకు వర్గమూలం కట్టడం వస్తే చాలు.

12.2 తిన్నగా పోయే తరంగం

రాత్రివేళ మీడియం వేవ్ రేడియో తిప్పితే వందల కిలోమీటర్ల దూరపు కేంద్రాలు కూడా వినిపిస్తాయి. టి.వి. బొమ్మ మాత్రం పక్క జిల్లాకు కూడా సరిగా చేరదు. రెండూ విద్యుదయస్కాంత తరంగాలే కదా, ఈ తేడా ఎందుకు?

మాట కంటే బొమ్మకు చాలా ఎక్కువ చోటు కావాలి. మన దేశంలో వాడిన పద్ధతిలో ఒక బొమ్మను 625 గీతలుగా విడదీసి, సెకనుకు 25 బొమ్మలు పంపుతారు. అంటే సెకనుకు 15,625 గీతలు. ఇంత సమాచారం మోయడానికి ఒక్క టి.వి. ఛానెల్‌కు 7 మెగాహెర్ట్జ్ వెడల్పు కేటాయించారు. మీడియం వేవ్ పట్టీ మొత్తం వెడల్పు ఒక మెగాహెర్ట్జ్‌కు కొంచెం ఎక్కువ, అంతే. కాబట్టి రేడియో కేంద్రాలన్నీ సర్దుకొన్న ఆ ఇరుకు గదిలో ఒక్క టి.వి. కేంద్రం కూడా పట్టదు. అందుకే టెలివిజన్ ఎక్కువ పౌనఃపున్యాలకు, అంటే 40 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాంతానికి ఎక్కవలసి వచ్చింది.

అక్కడ చోటు దొరికింది గాని, వేరే చిక్కు వచ్చిపడింది. మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకొని వంపు తిరుగుతుంది. రాత్రిపూట పైవాతావరణంలోని అయనోవరణానికి తగిలి తిరిగి కిందికి వస్తుంది. టి.వి. తరంగం సాధారణంగా ఈ రెండు పనులూ చేయదు. ఇంచుమించు తిన్నగా పోతుంది. భూమి గుండ్రంగా ఉంది కనుక కొంత దూరం పోయేసరికి నేల కిందికి వంగిపోతుంది, తరంగం మాత్రం పైనుంచి దాటిపోతుంది. సముద్రంలో దూరంగా పోయే ఓడ మొదట అడుగు భాగం, చివరకు తెరచాప కొస కనబడకుండా పోవడం మీరు విన్నదే. ఓడ తెరచాప ఎంత పొడవైతే అంత దూరం కనిపిస్తుంది. టి.వి. స్తంభానికీ అదే సూత్రం వర్తిస్తుంది.

గాలి సాంద్రత ఎత్తుతో పాటు తగ్గడం వల్ల తరంగం కొద్దిగా కిందికి వంగుతుంది. దాన్ని కూడా లెక్కలోకి తీసుకొని ఇంజనీర్లు వాడే సూత్రం ఇది:

దూరం (కిలోమీటర్లలో) = 4.12 × √ఎత్తు (మీటర్లలో)

25 మీటర్ల స్తంభం తీసుకోండి. 25కు వర్గమూలం 5. కాబట్టి దూరం 20.6 కి.మీ. స్తంభాన్ని 100 మీటర్లు చేస్తే 41.2 కి.మీ. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తును నాలుగు రెట్లు చేయవలసి వచ్చిందని గమనించండి. ఇంకొకసారి రెట్టింపు చేసి 82.4 కి.మీ. చేరాలంటే 400 మీటర్లు కట్టాలి. మొదటి కిలోమీటర్లు చవక, చివరి కిలోమీటర్లు చాలా ఖరీదు. స్తంభాల చరిత్ర అంతా ఈ ఒక్క వర్గమూలంతో పెనుగులాటే అనవచ్చు.

అందుకొనే యాంటెన్నా నేల మీద ఉన్నప్పుడు మాత్రమే ఈ లెక్క సరిపోతుంది. అది కూడా ఎత్తున ఉంటే, దాని ఎత్తుకు వచ్చే దూరాన్ని విడిగా కట్టి మొదటి దూరానికి కలపాలి. 9 మీటర్ల ఎత్తున్న డాబా మీద యాంటెన్నా ఉందనుకోండి. 4.12 × 3 = 12.4 కి.మీ. అదనంగా కలిసి వస్తుంది. ఊరి చివరి ఇళ్లవాళ్లు వెదురుబొంగులు, గొట్టాలు ఒకదానికొకటి కట్టి యాంటెన్నాను అంత పైకి లేపేవారంటే, సూత్రం తెలియకపోయినా ఫలితం తెలిసే ఆ పని చేశారన్నమాట.

ప్రశ్న 1: ఢిల్లీలోని పీతంపుర టి.వి. టవర్ ఎత్తు 235 మీటర్లు. 9 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉన్న ఇంటికి అది ఎంత దూరం వరకు కనబడుతుంది? (జవాబు పాఠం చివర ఉంది. ముందు మీరు కట్టి, ఆ తర్వాతే చూడండి.)

12.3 ఎత్తు కోసం వెతుకులాట

టి.వి. ప్రసారం మొదలుపెట్టినవాళ్లు ముందుగా కొత్త స్తంభాల కోసం చూడలేదు. ఉన్న ఎత్తుల కోసం చూశారు. న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం 1931లో పూర్తయిన ఏడాదే దాని మీద టి.వి. ప్రయోగాలు ప్రారంభమయ్యాయి. పారిస్‌లో 1935లో ఈఫిల్ టవర్ ఆ పనికి వచ్చింది. లండన్‌లో బి.బి.సి. వారు నగరానికి ఉత్తరాన ఒక గుట్ట మీద ఉన్న అలెగ్జాండ్రా ప్యాలెస్ అనే పాత భవనాన్ని ఎంచుకొన్నారు. 1936 నవంబరు 2న అక్కడి నుంచి క్రమబద్ధమైన టి.వి. సేవ మొదలైంది. భవనం మూల బురుజు మీద ఇనుప స్తంభం నిలిపి, దాని చుట్టూ రెండు వరుసల్లో యాంటెన్నాలు బిగించారు. పై వరుస బొమ్మకు, కింది వరుస ధ్వనికి. గుట్ట ఎత్తు, భవనం ఎత్తు, స్తంభం ఎత్తు మూడూ కలిసివచ్చాయి. బొమ్మను మోసే ట్రాన్స్‌మిటర్ శక్తి 17 కిలోవాట్లు. ఈ అంకెను గుర్తుంచుకోండి, ఢిల్లీకి వచ్చినప్పుడు పనికి వస్తుంది.

1939 సెప్టెంబరులో యుద్ధం రాగానే ఆ ప్రసారం ఆగిపోయింది. స్తంభం మాత్రం ఊరికే ఉండలేదు. బాంబులు వేయడానికి వచ్చే జర్మన్ విమానాలకు దారిచూపే రేడియో సంకేతాలను 1941లో అదే ట్రాన్స్‌మిటర్‌తో చెడగొట్టారు. టి.వి. 1946 జూన్‌లో తిరిగి మొదలైంది.

యుద్ధం తర్వాత కేంద్రాలు పెరిగాయి, ఉన్న భవనాల ఎత్తు చాలలేదు. ఇక్కడ మాస్ట్, టవర్ అన్న రెండు మాటల తేడా తెలుసుకోవాలి. నలుదిక్కులా లాగి కట్టిన ఉక్కు తీగల ఆధారంతో నిలిచే సన్నని స్తంభం మాస్ట్. ఏ తీగా లేకుండా తన కాళ్ల మీద తానే నిలిచేది టవర్. మాస్ట్ చవక. కాని దాని తీగలకు చాలా నేల కావాలి, గాలికీ మంచుకూ భయపడాలి. ఇంగ్లండ్‌లోని ఎమ్లీ మూర్ అనే చోట 385 మీటర్ల టి.వి. మాస్ట్ 1969 మార్చి 19న కూలిపోయింది. స్తంభానికీ తీగలకూ పేరుకొన్న మంచు, గాలి కలిసి చేసిన పని అది. దాని స్థానంలో కాంక్రీటు టవర్ కట్టారు.

కాంక్రీటుతో టి.వి. టవర్ కట్టవచ్చని మొదట చూపింది జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం. అక్కడ కూడా ముందు తీగలతో నిలిపే ఇనుప మాస్టే అనుకొన్నారు. ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ అనే ఇంజనీరు, ఎలాగూ ఖర్చు పెడుతున్నాం కదా, జనం ఎక్కి ఊరు చూసేటట్టు, పైన ఫలహారశాల ఉండేటట్టు కాంక్రీటుతో కడదాం అన్నాడు. 217 మీటర్ల ఆ టవర్ 1956లో తెరుచుకొంది. చూడటానికి వచ్చినవాళ్ల టిక్కెట్లతోనే కొద్ది ఏళ్లలో కట్టిన ఖర్చు తిరిగివచ్చింది. తర్వాత ప్రపంచమంతా ఆ దారి పట్టింది. మాస్కోలోని ఒస్టాంకినో టవర్ (1967) 540 మీటర్లకు ఎక్కింది. పైన చూపు అరుగుతో ఉన్న మన పీతంపుర టవర్ కూడా ఆ కుటుంబంలోదే.

12.4 ఢిల్లీలో 500 వాట్లు

మన దేశంలో టి.వి. ప్రసారం 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రారంభమైందని మీరు చదివే ఉంటారు. రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పోటీ పరీక్షల కోసం అందరూ ఈ తేదీని కంఠస్థం చేస్తారు. దానికంటే గుర్తుంచుకోదగిన అంకె ఇంకొకటి ఉంది. అది ట్రాన్స్‌మిటర్ శక్తి. కేవలం 500 వాట్లు. వంద వాట్ల బల్బులు ఐదు వెలిగించేటంత. ఇరవై మూడేళ్ల కిందట లండన్ వాడిన శక్తిలో ముప్పయ్యో వంతు కూడా కాదు.

పార్లమెంట్ స్ట్రీట్‌లోని ఆకాశవాణి భవనమే స్టూడియో, అదే ప్రసార స్థలం. యునెస్కో సాయం అందింది. వారానికి రెండు రోజులు, కొద్దిసేపు మాత్రమే కార్యక్రమాలు. ఎవరి ఇంట్లోనూ సెట్లు లేని రోజులు కనుక, టెలిక్లబ్బులని పేరుపెట్టి కొన్ని వాడల్లో సామూహిక సెట్లు ఉంచారు. జనం అక్కడ చేరి చూసి, చూసినదాని గురించి మాట్లాడుకొనేవారు. 1961లో బడిపిల్లలకు పాఠాలు, 1965 ఆగస్టు 15 నుంచి ప్రతిరోజూ ప్రసారం, 1967 జనవరి 26 నుంచి ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల రైతుల కోసం కృషి దర్శన్ వచ్చాయి.

ఆనాటి టి.వి. వినోదం కోసం కాదు, చదువు కోసం, సేద్యం కోసం అన్నది గమనించవలసిన విషయం. కాని ఆ చదువు, సేద్యపు కబురు ఎవరికి అందాలన్నది ఉపాధ్యాయులో వ్యవసాయాధికారులో తేల్చలేదు, ఆకాశవాణి భవనం మీది యాంటెన్నా ఎత్తే తేల్చింది. దేశంలో రెండో కేంద్రం బొంబాయిలో 1972 అక్టోబరు 2న గాని రాలేదు. అంటే పదమూడేళ్లపాటు భారతదేశంలో టి.వి. అంటే ఢిల్లీ చుట్టూ గీసిన ఒక చిన్న వృత్తం.

లక్ష్మీ నగర్ ఆ వృత్తం లోపలే ఉంది. పార్లమెంట్ స్ట్రీట్ నుంచి నేరుగా కొలిస్తే సుమారు 6 కి.మీ. కాని 1959లో యమున ఆవలి ఈ నేల ఎక్కువగా పొలాలు, చిన్న గ్రామాలు. తరంగాలు వచ్చి పైనుంచి పోతుండేవి, అందుకొనే పెట్టెలు లేవు. తర్వాతి దశాబ్దాల్లో ఇళ్లు లేచాయి, వాటి మీద చేపముళ్లు లేచాయి.

12.5 చేపముల్లు ఎలా పనిచేస్తుంది?

ఢిల్లీ మొదటి కేంద్రం బొమ్మ తరంగం పౌనఃపున్యం 62.25 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం కట్టాలంటే 300ను మెగాహెర్ట్జ్‌లతో భాగించాలని మీకు తెలుసు. 300 ÷ 62.25 = 4.82 మీటర్లు. తరంగంలో సగం పొడవున్న లోహపు కడ్డీ దాన్ని బాగా పట్టుకొంటుంది. సగం అంటే 2.41 మీటర్లు. లోహంలో విద్యుత్తు కొంచెం నెమ్మదించినట్టు పనిచేస్తుంది కాబట్టి సుమారు 5 శాతం తగ్గించి 2.3 మీటర్లు ఉంచుతారు. పాత ఢిల్లీ యాంటెన్నాలు మనిషి చేతులు చాపినా అందనంత వెడల్పుగా ఉండటానికి కారణం ఇదే.

ఈ అసలు కడ్డీని మెలిపెట్టి, సన్నని సాగదీసిన ఉంగరంలాగా మడుస్తారు. దాని మధ్య నుంచే బల్లపరుపు జంటతీగ ఇంట్లోకి దిగుతుంది. దాని వెనక కొంచెం పొడవైన కడ్డీ ఒకటి, ముందు కొంచెం పొట్టి కడ్డీలు కొన్ని ఉంటాయి. ఈ వెనకా ముందూ ఉన్నవాటికి తీగ ఏదీ తగిలించరు. వెనకది అద్దంలాగా తరంగాన్ని ముందుకు తిప్పుతుంది, ముందువి దాన్ని అసలు కడ్డీ వైపు నడిపిస్తాయి. అందుకే ఈ యాంటెన్నా ఒక దిక్కుకే బాగా వింటుంది. పొట్టి కడ్డీలు ఎటు ఉంటే అటే స్తంభం ఉన్నట్టు.

దీన్ని జపాన్‌లోని సెండై నగరంలో ఉన్న విశ్వవిద్యాలయంలో షింటారో ఉడా, ఆయన ఆచార్యుడు హిడెట్సుగు యాగి 1926లో లోకానికి తెలిపారు. పని ఎక్కువగా ఉడాది, పేరు ఎక్కువగా యాగిది. ఇలాంటివి మన చుట్టూ కూడా జరుగుతుంటాయి. సొంత దేశం దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1942లో సింగపూర్ చేజిక్కినప్పుడు జపాన్ సైనికులకు బ్రిటిష్ రాడార్ కాగితాలు దొరికాయి. వాటిలో మాటిమాటికీ ‘యాగి’ అన్న మాట కనబడింది. దాని అర్థం తెలియక ఖైదీని అడిగితే, అది మీ దేశపు ఆచార్యుడి పేరే అని జవాబు వచ్చింది.

ఇక లక్ష్మీ నగర్‌లాంటి వాడల అసలు బాధకు వద్దాం. స్తంభం దగ్గరలోనే ఉంది, తరంగం బలంగానే ఉంది. అయినా తెర మీద ప్రతి మనిషి పక్కనా ఇంకొక మసక మనిషి కనబడేవాడు. దీన్ని నీడబొమ్మ అందాం. తరంగం తిన్నగా ఒకసారి, ఏదైనా పెద్ద భవనానికి తగిలి చుట్టుదారిన మరొకసారి రావడం దీనికి కారణం. చుట్టుదారి 300 మీటర్లు ఎక్కువైతే రెండో తరంగం ఒక మైక్రోసెకను ఆలస్యంగా వస్తుంది. అది ఒక ఆలస్యమా అనిపిస్తుంది. లెక్క చూడండి. సెకనుకు 15,625 గీతలు కాబట్టి ఒక గీతకు 64 మైక్రోసెకన్లు. అందులో కంటికి కనబడే భాగం 52. తెర వెడల్పు 40 సెంటీమీటర్లైతే, ఒక మైక్రోసెకను అంటే 40 ÷ 52 = 0.77 సెంటీమీటర్లు. గీత ఎడమ నుంచి కుడికి గీస్తారు కనుక నీడబొమ్మ ముప్పావు సెంటీమీటరు కుడివైపు జరిగి కనబడుతుంది.

నీడబొమ్మ పోవడానికి చాలామంది యాంటెన్నాను ఇంకా పైకి లేపేవారు, బూస్టరు కొనేవారు. బూస్టరు అసలు బొమ్మను ఎంత పెంచుతుందో నీడను కూడా అంతే పెంచుతుంది. డబ్బు దండగ. మేడ మీద ఒకరు యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పుతూ ‘వచ్చిందా?’ అని కేకవేస్తుంటే, కింద ఇంకొకరు ‘ఇంకొంచెం... ఆపు, ఆపు’ అనడమే అసలు మందు. అలా తిప్పినప్పుడు, చుట్టుదారిన వచ్చే తరంగం యాంటెన్నాకు చెవుడు ఉన్న దిక్కులో పడుతుంది.

ప్రశ్న 2: ఒక ఇంటి తెర మీద నీడబొమ్మ 1.5 సెంటీమీటర్లు కుడికి జరిగి ఉంది. తెర వెడల్పు 40 సెంటీమీటర్లు. తరంగం సుమారు ఎన్ని మీటర్లు ఎక్కువ తిరిగి వచ్చింది?

12.6 ఆకాశంలో కట్టిన స్తంభం

మళ్లీ వర్గమూలం దగ్గరకు వద్దాం. ఎత్తుగా కట్టినా ఒక స్తంభం సాధారణంగా 70, 80 కిలోమీటర్లు దాటి పోలేదు. కొండలు దొరికిన చోట కొంత మేలు. బొంబాయి కార్యక్రమాలను పుణె ప్రాంతానికి అందించడానికి 1973లో సింహగడ్ కోట ఉన్న కొండ మీద ట్రాన్స్‌మిటర్ పెట్టారు. శివాజీ సైన్యాలకు దూరం చూపిన కొండే టి.వి.కీ దారి చూపింది. కాని కొండ లేని మైదానాల్లో, లక్షల గ్రామాలున్న దేశంలో, అడుగడుగునా స్తంభం నిలపడానికి డబ్బు ఎక్కడిది?

36,000 కిలోమీటర్ల ఎత్తున్న స్తంభం ఒకటి ఉంటే? భూమితో సమానంగా తిరుగుతూ ఒకే చోట నిలిచినట్టు కనబడే ఉపగ్రహం అలాంటిదే. అంత ఎత్తు నుంచి నేల వంపు అడ్డు రాదు, దేశమంతా కనబడుతుంది. అమెరికా సంస్థ నాసా తన ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాదికి మనకు వాడుకోనిచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు దాని నుంచి నేరుగా కార్యక్రమాలు వచ్చాయి. ఈ ప్రయోగాన్ని సైట్ అని పిలిచారు. ఆ ఆరు రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల గ్రామాలు అందులో ఉన్నాయి.

అంత దూరం నుంచి వచ్చే తరంగం చాలా బలహీనం. దాన్ని పట్టడానికి మూడు మీటర్ల వెడల్పున్న గిన్నె ఆకారపు యాంటెన్నాలు కావలసి వచ్చాయి. వాటిని రేకుతో చేయలేదు. కోళ్ల గూళ్లకు వాడే తీగ జాలీతో చేశారు. జాలీ కన్నాల్లోంచి తరంగం జారిపోదా అని మీకు సందేహం రావచ్చు. ఉపగ్రహం పంపిన పౌనఃపున్యం 860 మెగాహెర్ట్జ్. తరంగదైర్ఘ్యం 300 ÷ 860, అంటే సుమారు 35 సెంటీమీటర్లు. దానితో పోలిస్తే జాలీ కన్నాలు చాలా చిన్నవి. అందువల్ల తరంగానికి ఆ జాలీ నున్నని అద్దంలాగే ఉంటుంది. పైగా గాలి కన్నాల గుండా పోతుంది కనుక గిన్నె ఎగిరిపోదు. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ జాలీయే. ఉపగ్రహం పైనుంచి పరాయిది, జాలీ ఇక్కడి బజారుది.

ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు, రోజుకు నాలుగు గంటలు. ఒకే బొమ్మతో పాటు రెండు భాషల మాటను పంపే వీలు ఉపగ్రహానికి ఉండేది. కరెంటు లేని కొన్ని గ్రామాల్లో సెట్లను బ్యాటరీలతో నడిపారు. పంచాయతీ ఆఫీసు దగ్గరో, బడి ముందో జనం చేరేవారు. ఆ సంవత్సరం ఒక విచిత్రం జరిగింది. రాజధాని హైదరాబాద్‌లో అప్పటికి టి.వి. కేంద్రం లేదు. పాలమూరు పల్లెలో రైతు తెలుగులో టి.వి. చూస్తున్నాడు, నగరంలో ఉద్యోగి చూడటం లేదు. నేల మీది స్తంభం ఎప్పుడూ నగరంతోనే మొదలవుతుంది. ఆకాశంలోని స్తంభానికి నగరం, పల్లె ఒకటే.

ఏడాది పూర్తికాగానే ఉపగ్రహాన్ని నాసా వెనక్కి తీసుకొంది. పల్లెల్లో తెరలు ఖాళీ అయ్యాయి. సైట్ గ్రామాల్లో కొన్నిటికైనా కార్యక్రమాలు కొనసాగాలని 1977లో హైదరాబాద్, జైపూర్, రాయపూర్, గుల్బర్గా లాంటి చోట్ల నేల మీది ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. హైదరాబాద్ కేంద్రం అక్టోబరు 23న మొదలైంది. నగరానికి టి.వి. వచ్చింది, చుట్టుపక్కల పల్లెలకు తిరిగి వచ్చింది. దూరపు పల్లెలు మళ్లీ వృత్తం బయట పడ్డాయి. కర్నూలు హైదరాబాద్ నుంచి నేరుగా సుమారు 180 కి.మీ. ఒకసారి చూసినదాన్ని పోగొట్టుకోవడం అసలు చూడకపోవడం కంటే భారమని అక్కడివారు అనుకొని ఉంటే తప్పుపట్టలేం.

12.7 రెండూ కలిసిన ఏర్పాటు

మన సొంత ఉపగ్రహం ఇన్శాట్-1ఎ 1982 ఏప్రిల్‌లో పైకి వెళ్లి కొన్ని నెలలకే పనిచేయడం మానేసింది. 1983 ఆగస్టు 30న వెళ్లిన ఇన్శాట్-1బి నిలిచింది. అప్పుడు ఒక మధ్యేమార్గం దొరికింది. ఢిల్లీ కార్యక్రమాలు ఉపగ్రహానికి పోతాయి. ఒక్కొక్క పట్టణంలో ఒక పెద్ద డిష్ వాటిని అందుకొంటుంది. పక్కనే ఉన్న 100 వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్, చిన్న స్తంభం వాటిని ఊరికి పంచుతాయి. ఇంటింటికీ డిష్ అక్కరలేదు, అల్యూమినియం చేపముల్లు చాలు. 1984లో కొన్ని నెలలపాటు దేశంలో దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు. చిన్న పట్టణాల్లో కూడా యాంటెన్నాలు మొలిచింది ఆ కాలంలోనే.

పెద్ద స్తంభాల నిర్మాణం కూడా ఆగలేదు. పీతంపుర టవర్ 1988లో పూర్తయింది. రామేశ్వరంలో 323 మీటర్ల టవర్ లేచింది. ఢిల్లీ ప్రసారం పార్లమెంట్ స్ట్రీట్ నుంచి పీతంపురకు చేరాక లక్ష్మీ నగర్ యాంటెన్నాలకు ఒక పని పడింది. పాత స్థలం ఈ వాడకు ఇంచుమించు సరిగా పడమర. కొత్త టవర్ పడమరకూ వాయవ్యానికీ మధ్య, సుమారు 14 కి.మీ. దూరం. యాంటెన్నాను కుడివైపు 35 నుంచి 40 డిగ్రీలు తిప్పాలి. చేపముల్లు ఒక దిక్కుకే బాగా వింటుందని చదివారు కదా.

తర్వాత కేబుల్ వచ్చింది. 2003 నుంచి ఇంటి డిష్ వచ్చింది. దూరదర్శన్ తన పాత పద్ధతి నేల ట్రాన్స్‌మిటర్లలో, సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల ఉన్న కొన్నిటిని తప్ప, మిగిలినవాటిని దశలవారీగా ఆపివేసింది. 2022 నాటికి ఆ పని దాదాపు ముగిసింది. దూరదర్శన్ ఉచిత డిష్ సేవ కార్యక్రమాలు ఇప్పుడు తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉన్న ఉపగ్రహం నుంచి వస్తున్నాయి. ఢిల్లీ రేఖాంశం సుమారు 77. ఉపగ్రహం భూమధ్యరేఖకు ఎగువన, మనకు తూర్పుగా ఉంది కనుకనే లక్ష్మీ నగర్ డిష్‌లు దక్షిణ ఆగ్నేయంగా తలెత్తుతాయి. కోళ్ల జాలీ గిన్నె మూడు మీటర్లు, ఇప్పటి డిష్ రెండు మూడు అడుగులు. ఇప్పటి తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్లే, ఉపగ్రహం శక్తి ఎక్కువ. అందుకే గిన్నె చిన్నదైంది.

కృత్యం: మీరున్న వాడలో మేడ ఎక్కి, దిక్సూచితో (ఫోనులో ఉన్నదైనా సరే) పది డిష్‌ల దిక్కు రాసుకోండి. పాత కడ్డీల యాంటెన్నా కనబడితే దాని పొట్టి కడ్డీలు ఎటు చూస్తున్నాయో, అన్నిటికంటే పొడవైన కడ్డీ సుమారు ఎన్ని మీటర్లో రాయండి. ఊరి పటం మీద ఆ దిక్కుగా గీత గీసి, అది ఏ పాత ప్రసార స్థలం వైపు పోతుందో పోల్చండి. పిట్టగోడ లేని డాబాల అంచుకు పోవద్దు. కరెంటు తీగల దగ్గర లోహపు గొట్టాలు ఎత్తవద్దు.

ప్రశ్న 3: కర్నూలు పల్లెలో 9 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంది. 180 కి.మీ. దూరంలోని హైదరాబాద్ నుంచి దానికి బొమ్మ తిన్నగా చేరాలంటే, దారిలో నేల సమతలంగా ఉందనుకొంటే, హైదరాబాద్‌లో ఎంత ఎత్తు స్తంభం కట్టాలి?

ప్రశ్న 4: ఇద్దరు పొరుగువారిలో ఒకరికి బొమ్మ నిండా చుక్కలు, ఇంకొకరికి నీడబొమ్మ. బూస్టరు ఎవరికి ఉపయోగపడవచ్చు? ఎందుకు?

జవాబులు

1. 235కు వర్గమూలం 15.33. దాన్ని 4.12తో గుణిస్తే 63.2 కి.మీ. ఇంటి యాంటెన్నా వల్ల 12.4 కి.మీ. మొత్తం సుమారు 75.6 కి.మీ.

2. 0.77 సెంటీమీటర్లకు ఒక మైక్రోసెకను. 1.5 సెంటీమీటర్లకు 1.95 మైక్రోసెకన్లు. మైక్రోసెకనుకు 300 మీటర్ల చొప్పున సుమారు 585 మీటర్లు.

4. చుక్కలు పడేవారికి. అక్కడ తరంగమే బలహీనంగా ఉంది, కనుక బూస్టరును యాంటెన్నా దగ్గరే బిగిస్తే మేలు. నీడబొమ్మ ఉన్నవారికి తరంగం బలం చాలు, అది రెండు దారుల్లో రావడమే చిక్కు.

3. ఈ జవాబును చివరకు ఉంచాం, ఎందుకంటే దీన్ని చాలామంది ఎక్కడో లెక్క తప్పిందని కొట్టివేస్తారు. ఇంటి యాంటెన్నా వల్ల వచ్చే 12.4 కి.మీ. తీసివేస్తే స్తంభం వంతు 167.6 కి.మీ. దాన్ని 4.12తో భాగిస్తే 40.68. దాని వర్గం సుమారు 1,655. అంటే 1,655 మీటర్ల స్తంభం కావాలి. 828 మీటర్ల ఎత్తున్న దుబాయ్ బుర్జ్ ఖలీఫా భవనాలు రెండింటిని ఒకదాని మీద ఒకటి నిలిపినంత ఎత్తు. మీ లెక్క తప్పలేదు.